గీ అంకె కాడ ఎవరున్నరు?

మొదటి షిఫ్టుకు దిగబోతూ లాంప్‌రూం కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపలి గుమాస్తా టోపీ దీపాన్ని నా చేతిలో పెట్టి, వెంటనే వదలకుండా, "మీ సారు పోయిండట గద" అన్నాడు.

ఏ సారు అని నేను అడగలేదు. మైనింగ్ చదివి గోదావరిఖనికి ఉద్యోగానికి వచ్చిన మేమందరం చాలామంది సార్ల దగ్గర చదువుకున్నాం. కాని బాయి మీది, అంటే బొగ్గుగని మీది మనుషులు 'మీ సారు' అనేది ఒక్కరినే. మట్టి ఇచ్చేది సాయంత్రం, ఇక్కడి చర్చి సమాధుల దగ్గరేనట. నేను దీపం పెట్టుకొని డ్యూటీకి దిగాను. ఉంటే ఆయన కూడా దిగమనే అనేవారు.

ఏటవాలు దారిలో దిగుతుంటే ఆయన ముఖం కంటే ముందు డస్టర్లు గుర్తొచ్చాయి. తరగతిలోకి రాగానే ఆయన హాజరు తీసేవారు కాదు. బల్ల మీది డస్టర్లు రెండూ పట్టుకొని తలుపు దగ్గర నిలబడి ఒకదానికొకటి కొట్టేవారు. సుద్దపొడి లేచేది. అది ఎటు పోతుందో అందరం చూడాలి. కిటికీ వైపు సాగిపోతే, "ఇయ్యాల మంచిగనే ఉన్నది" అనేవారు. కదలకుండా ఆయన చొక్కా మీదే వాలిపోతే కిటికీలన్నీ తెరిపించి, చివరి బెంచీవాణ్ణి, "గాలి నీదాక వస్తున్నదా బిడ్డా?" అని అడిగి, వాడు వస్తోందంటేనే పాఠం. గనుల్లో గాలి ఏర్పాట్లు ఆయన సబ్జెక్టు. డస్టర్లు కొట్టడం కూడా అందులో భాగమేనని మాకు తెలియడానికి కొన్నాళ్లు పట్టింది.

మనిషి పొట్టి. పొట్టి చేతుల తెల్లచొక్కా, భుజాన ఎప్పుడూ ఒక తువ్వాల. కాలేజీలో తువ్వాల వేసుకొని తిరిగే ప్రొఫెసరు ఆయన ఒక్కరే. నుదుటి మీద కుడివైపు నీలం మచ్చ. బొగ్గు పెళ్ల తగిలిన గాయంలో పొడి ఉండిపోయి చర్మం మూసుకుంటే అట్లాంటి మచ్చ పడుతుంది. చదువుకు రాకముందు తండ్రితో పాటు ఆయనా బాయిలో పనిచేశారని ఆ మచ్చ చెప్పేది తప్ప, ఆయన నోటితో చెప్పగా నేను వినలేదు. ఉబ్బసం ఉండేది. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేవారు. ఆ ఆగడాన్ని ప్రశ్న అనుకొని మేం గబగబా జవాబులు చెప్పేవాళ్లం. ఆయన ఓపికగా విని, ఊపిరి అందాక, "నేను అడగనే లేదు గదయ్యా" అనేవారు.

నేను ఎం.ఇ.లో చేరింది డెబ్బైల మొదట్లో. మొదటి రోజు అందరం కొత్త పుస్తకాలు తెరుచుకొని కూర్చున్నాం. ఆయన డస్టర్లు కొట్టి, కిటికీ గట్టు మీద కూర్చున్నారు. కుర్చీలో కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు.

"సిలబస్ పుస్తకంల ఉంటది. చదువుకోండ్రి. నేను చేసిన తప్పు పుస్తకంల లేదు. అది చెప్త."

ఆయన చెప్పింది ఇది. మాకు ముందటి బ్యాచీలలో ఒకదానికి ఆయన గోదావరిఖని దగ్గరి ఒక బాయిని ప్రాజెక్టుగా ఇచ్చారు. ఆ బాయిలో అన్నిటికంటే లోపల బొగ్గు నింపే చోట గాలి ఆడదు. ఉక్కకు మనుషులు తడిసి ముద్దవుతారు. కొత్త ఫ్యాను కొనకుండా అక్కడికి గాలి తేవాలి. విద్యార్థులు శ్రమపడ్డారు. గాలివేగం కొలిచే మీటరు పట్టుకొని దారులన్నీ తిరిగారు. అయితే కొలతలన్నీ ఆదివారాలే తీశారు. బాయిలో వారపు సెలవును ప్లే డే అంటారు. ఆ రోజు లోపల పంపుల దగ్గరి వాళ్లు తప్ప ఎవరూ ఉండరు. పట్టాల మీద బొగ్గు టబ్బులు నడవవు. దారికి అడ్డం రావద్దని అరిచేవాళ్లు లేరు. ప్రశాంతంగా కొలుచుకోవచ్చు. పట్టాలున్న దారికి అడ్డంగా తారు పూసిన గుడ్డతో ఒక పరదా కడితే గాలి మళ్లి లోపలికి పోతుందని లెక్క తేలింది. ఒక ఆదివారం కట్టి చూశారు. లెక్క ఎంతంటే అంత గాలి వచ్చింది.

"కొలతల కాగితం చూడంగనే నాకు తెలిసింది, అన్నీ ప్లే డే కొలతలని" అన్నారు సారు. "సోమవారం ఏమైతదో గూడ తెలిసింది. చెప్పలే. వాళ్లే చూసి నేర్చుకుంటరు, ప్రాజెక్టు అంటే గదే గద అనుకున్న."

సోమవారం టబ్బులు నడిచాయి. టబ్బు తోసుకుంటూ పోయే ప్రతి మనిషి ముఖానికీ ఆ బిరుసు గుడ్డ కొట్టింది. కొంతసేపు ఓర్చుకున్నారు. తర్వాత ఎవరో దాన్ని పైకెత్తి దుంగకు తీగతో కట్టేశారు. ఎవరైనా అదే చేస్తారు. గాలి దగ్గరి దారి చూసుకొని వెనక్కు తిరిగిపోయింది. లోపలికి ఇంతకుముందు వచ్చే కొంచెం కూడా రాలేదు. షిఫ్టు సగంలో బొగ్గు నింపే ఒక మనిషి తట్ట పట్టుకొని ముందుకు పడిపోయాడు. అతన్ని ఖాళీ టబ్బులో పడుకోబెట్టి పైకి తెచ్చారు.

బతికాడు. అతని పేరు ఓదెలు.

"పోరగాండ్లు ఏడ్చిన్రు. మేనేజరు మంచోడు, పిల్లలు గదా సార్, తప్పు అయితది అన్నడు. పిల్లలకు తెల్వదు. నాకు తెలుసు." సారు ఆగి ఊపిరి తీసుకున్నారు. ఆ రోజు ఎవరమూ జవాబు చెప్పలేదు. "నా పిల్లలకు పాఠం చెప్పెతందుకు నేను ఇంకొకని ఊపిరి వాడుకున్న."

దవాఖానకు వెళితే మంచం మీది ఓదెలు అడిగాడట: "ఏం సారూ, పోరగాండ్లు నేర్చుకున్నరా?"

"నేర్చుకున్నరన్నా."

"మంచిది. గట్లయితే మల్ల పరదా కట్టేనాడు వాళ్లను నా పక్కన కూసోవెట్టు. నువ్వు గూడ కూసో."

ఆ తర్వాత బ్యాచీలకు ఆయన బాయిలో ప్రాజెక్టు పెట్టలేదు. నల్లబల్ల, పుస్తకం, పరీక్ష. ఇప్పుడు మళ్లీ పెడతానని కాలేజీని అడిగారు. డిపార్ట్‌మెంటు పెద్దలు ఒక్కసారికి ఒప్పుకున్నారు. ఈసారి ఏ మనిషికైనా ఏమైనా అయితే విద్యార్థులు బాయి గడప తొక్కేది ఇక లేదు, ఎప్పటికీ నల్లబల్లే. ఆ సంగతీ మాకు దాచలేదు.

నా పక్కన కూర్చున్న ప్రభాకర్ వరంగల్ వాడు, మాలో అందరికంటే తెలివైనవాడు. లేచి నిలబడి అడిగాడు. "సార్, అంత ప్రమాదం ఉన్నప్పుడు పుస్తకంతోనే చెప్పొచ్చు కదా?"

సారు తలుపు వైపు చూస్తూ చెప్పారు. "చెప్పిన. రెండు బ్యాచీలకు చెప్పిన. ఫస్టు క్లాసులల్ల పాసయి బాయిలకు పోయిన్రు. వాళ్లు గూడ ఎక్కడో ఒక పరదా కడ్తరు. తప్పు చెయ్యకుంట ఎవ్వడు నేర్వడు బిడ్డా. పుస్తకం చదివినోని తప్పు ఎవని మీద పడ్తదో నాకు కనవడదు. నా ముందట చేస్తే, పడేలోపల నేను చెయ్యి అడ్డం పెడ్త. అప్పుడు పెట్టలే. ఇప్పుడు పెడ్త."

అట్లా మాకు అదే బాయి, అదే చోటు ప్రాజెక్టుగా వచ్చింది.

మొదటిసారి రామగుండం స్టేషన్లో దిగి, ఖనికి పోయి, సారు వెంట లోపలికి నడిచాం. బొగ్గు నింపే చోటు చివరిదాకా పోయాక గోడకు ఆనుకొని నీళ్లు తాగుతున్న మనిషి ముఖం మీద దీపం పడింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మమ్మల్ని ఒక్కొక్కరినే చూసి, సారును చూశాడు.

"మల్ల వచ్చినవా సారూ? ఈపారి ముంగటే చెప్పు. ఇంటికాడ చెప్పి వస్త."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఓదెలన్నా, మేనేజరు ఒప్పుకున్నడు. కాలేజి ఒప్పుకున్నది. నువ్వు వద్దంటే ఈ పిల్లలను ఇట్లనే మర్లేసుకొని పోత."

మేమంతా 'ఓదెలు కాక' అని పిలవబోయే ఆ మనిషి నీళ్ల డబ్బా మూత బిగించాడు. "నేను అన్న మాట యాదికున్నదా?"

"ఉన్నది."

"గదే. షిఫ్టు అయ్యేదాక. నడుమల లేచేది లేదు."

"లేవం."

"గట్లయితే కానియ్యి" అని తట్ట ఎత్తుకున్నాడు. మేనేజరు సంతకం ఉన్న అనుమతి కాగితం ప్రభాకర్ సంచిలో ఉంది. ఆ నిమిషంలో దాని ఊసే ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ప్లే డేలన్నీ మాకూ ప్లే డేలే. సెలవు రోజున మీటరు ముట్టుకోనివ్వలేదు. పని నడిచే షిఫ్టులోనే కొలవాలి. టబ్బు వస్తే గోడకు అతుక్కొని నిలబడాలి, పోయాక మళ్లీ మొదటి నుంచి కొలవాలి. "పక్కకు జరుగు బాబూ, కొలిచేది గాలినా, మా ఈపులనా?" అని టబ్బులు తోసేవాళ్లు అరిచేవాళ్లు. నా కొలతలు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. పట్టికలు తీరుగా ఉండాలనుకునే నాకు అది పెద్ద బాధ. ఒక రోజు సారుకు అదే చెప్పుకున్నాను. "మనుషులు నడిస్తే గాలి గట్లనే ఉంటది. తీరుగ ఉన్న అంకెలు నాకు ఒకపారి ఇచ్చిన్రు గద" అన్నారు.

ఇక ఆయన వేలు. మేం లెక్కలు కట్టి పటం గీసి పట్టుకుపోతే ఆయన కూడికలు, గుణకారాలు చూసేవారు కాదు. పటం మీద ఏదో ఒక అంకె మీద వేలు పెట్టేవారు.

"గీ అంకె కాడ ఎవరున్నరు?"

"సార్, అది ఆ దారిలో పోయే గాలి పరిమాణం."

"అది నాకు తెలుసు. ఆడ ఎవరున్నరు?"

చెప్పలేకపోతే పటం చుట్టి చేతికిచ్చేవారు. మళ్లీ రైలు, మళ్లీ బాయి. ప్రభాకర్ తిరుగు ప్రయాణంలో కిటికీ ఊచలు పట్టుకొని గొణిగేవాడు. "ఎం.ఇ. చదివేది జనాభా లెక్కలు రాయడానికా?" కాని పోగా పోగా పటం నిండింది. ఇక్కడ టబ్బులు తోసే మల్లేశ్, ఇక్కడ దుంగలు నిలబెట్టే సాంబయ్య, ఇక్కడ అన్నం డబ్బాలు పెట్టుకునే మూల. ప్రతి అంకె పక్కన ఒక పేరు. ఇవాళ్టికీ నా పటాలు అట్లాగే ఉంటాయి. కొత్తగా వచ్చిన అధికారులు చూసి నవ్వుతారు.

పరదా ముఖానికి ఎట్లా తగిలేదో మల్లేశ్ చేసి చూపించాడు. అందుకని పట్టాల దారిని ముట్టుకోవద్దనుకున్నాం. పక్క దారులు రెండింటిని తారుగుడ్డతో కప్పేసి, గాలి కారిపోతున్న పాత గోడ ఒకదానికి మట్టి మెత్తాలని తేలింది. శ్రమ ఎక్కువ, వచ్చే గాలి పాత బ్యాచీ లెక్క కంటే తక్కువ. ప్రభాకర్‌కు ఆ చిన్న అంకె చూపించడమే సిగ్గనిపించింది. సారు దాని మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచారు.

"చిన్నది. కాని దీని కాడ మనుషులున్నరు. కట్టుండ్రి."

కట్టిన రోజు మొదటి షిఫ్టు. మేమందరం ఓదెలు కాక జట్టుతో పాటు దిగాం. సారు ఒక బొగ్గు పెళ్ల మీద తువ్వాల పరచుకొని కూర్చున్నారు. పైకి రమ్మని మేనేజరు కబురు పెట్టాడు. ఉబ్బసం మనిషి, ఏమైనా అయితే ఎట్లా అని. "షిఫ్టు అయినంక వస్త" అని కబురు తిరిగి పంపారు. ఓదెలు కాక, ఆయన జట్టు బొగ్గు నింపుతున్నారు. మేం మీటరు చూస్తున్నాం. గాలి వస్తోంది. గొప్పగా కాదు, మెడ మీద చెమట చల్లగా తెలిసేంత. అన్నాల వేళకు అందరం డబ్బాలు తెరిచాం. సారు తన జొన్నరొట్టె తుంచి ఓదెలు కాక డబ్బా మూతలో పెట్టారు. కాక సారుకు మామిడి తొక్కు వేశాడు.

అన్నాలు అయ్యాక గాలి తగ్గింది. ముందు మీటరు చూపించింది, వెంటనే మెడలు చెప్పాయి. ఓదెలు కాక తట్ట కింద పెట్టి నిటారుగా నిలబడ్డాడు. జట్టంతా ఆగింది. సారు ఊపిరి చప్పుడు అందరికీ వినిపిస్తోంది. ఆయన ఓదెలు కాకను చూసి, "పని ఆపన్నా. అందరు ఇటు పట్టాల దారిలకు జరుగుండ్రి" అన్నారు. తర్వాత మా వైపు తిరిగారు. "మీరిద్దరు పోయి చూడుండ్రి. ఉరుకకుండ్రి. నడుస్త చూడుండ్రి."

అందరినీ పంపి ఆయన మాత్రం ఆ పెళ్ల మీదే కూర్చున్నారు.

నేనూ ప్రభాకర్ పక్క దారుల వెంట నడిచాం. మొదటి దారికి కట్టిన గుడ్డ బాగుంది. రెండో దాని మూల పైకి లేచి ఉంది, దాని కింది నుంచి ఒక రబ్బరు పైపు లాగుతూ ఒక మనిషి కూర్చున్నాడు. పంపు దగ్గర పనిచేసే మనిషి. నీళ్లు తోడే పైపు ఆ దారినే పోవాలి.

"ఏందన్నా, ఇది ఎందుకు లేపినవ్?" అన్నాడు ప్రభాకర్.

"నా దారి నువ్వు మూస్తివి. నాకెవడు చెప్పిండు?" అన్నాడు ఆ మనిషి.

అతను చెప్పింది నిజం. పంపు ఆ షిఫ్టులో ఒక్కసారే నడుస్తుంది. మేం కొలిచిన వేళల్లో అతను అక్కడ లేడు. ప్రభాకర్ మారు మాట్లాడకుండా తన చొక్కా విప్పి పైపు చుట్టూ ఉన్న సందులో కుక్కాడు. వీపుతో గుడ్డను అదిమి కూర్చున్నాడు. నేను తిరిగి వచ్చి చెప్పాను. అప్పటికే గాలి వస్తోంది. సారు కళ్లు మూసుకొని ఉన్నారు. నేను చెప్పిందంతా విని, "గాయన మన పటంల లేడు" అన్నారు. ప్రభాకర్ షిఫ్టు అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాడు. మర్నాడు ఆ మూలన పైపు పట్టేంత గుండ్రటి సంచి కుట్టించి బిగించాం. ఆ పని ప్రభాకరే చేశాడు. మళ్లీ ఎప్పుడూ జనాభా లెక్కల మాట ఎత్తలేదు.

షిఫ్టు అయ్యాక పైకి వచ్చాం. వెలుతురులో సారు ముఖం బూడిద రంగులో ఉంది. ఆయన మమ్మల్ని ఓదెలు కాక ముందు వరసగా నిలబెట్టారు. "అన్నా, మార్కులు నువ్వే చెప్పాలె. పిల్లలు పాసా?"

ఓదెలు కాక తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. మమ్మల్ని కాదు, సారునే చూశాడు.

"ఇయ్యాల పాస్. రేపటి సంగతి రేపు."

మేం దాన్ని ఎగతాళి అనుకున్నాం. ప్రాజెక్టు అయిపోయిందని ఆ సాయంత్రం ఖని బస్టాండులో మిర్చి బజ్జీలు తిన్నాం. సారు అట్లా అనుకోలేదు. మర్నాడు దిగారు. తర్వాతి వారం కాలేజీ నుంచి వచ్చి దిగారు. మా పరీక్షలు అయిపోయాయి, మేం డిగ్రీలు తీసుకున్నాం, ఆయన మాత్రం వీలు చిక్కినప్పుడల్లా ఆ బాయికి వచ్చి, పెళ్ల మీద తువ్వాల పరచుకొని కూర్చునేవారు. నాకు ఖనిలోనే ఉద్యోగం వచ్చాక చాలాసార్లు నేనే వెంట ఉన్నాను. లేచేటప్పుడు ప్రతిసారీ అడిగేవారు, "ఏమన్నా?" అని. ప్రతిసారీ అదే జవాబు. ఇయ్యాల పాస్, రేపటి సంగతి రేపు. ఓదెలు కాక ఒక్కసారి కూడా అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు. సారు ఎక్కువ అడగలేదు. ఆ కోర్సు నల్లబల్లకు తిరిగిపోలేదు. మా తర్వాతి బ్యాచీలన్నీ ఏదో ఒక బాయిలో తాము పటంలో గీసిన చోటే కూర్చొని అన్నం తిన్నాయి.

చివరిగా చూసినప్పుడు ఆయనకు మెట్లు ఎక్కడం కష్టంగా ఉంది. నా పటం ఒకటి చూపించాను. వేలు పెట్టారు. ఆ అంకె దగ్గర ఎవరున్నారో చెప్పాను. పక్క అంకె మీద పెట్టారు. చెప్పాను. మూడో దాని మీద వేలు పెట్టి, అడగకుండానే, పటం చుట్టి నా చేతికిచ్చేశారు.

ఆ సాయంత్రం మట్టికి కాలేజీ వాళ్లు వచ్చారు, చర్చి వాళ్లు వచ్చారు, ప్రభాకర్ ఎక్కడి నుంచో టాక్సీలో వచ్చాడు. పాస్టరు గారి ప్రార్థన అయింది. అందరం పిడికెడు పిడికెడు మట్టి వేశాం. జనం పలచబడ్డాక, డ్యూటీ బట్టల్లో, బూట్లతో ఓదెలు కాక లోపలికి వచ్చాడు. చర్చి సమాధుల మధ్య ఎక్కడ అడుగు వేయాలో తెలియనట్లు జాగ్రత్తగా నడిచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వంగి మట్టి తీసుకొని వేశాడు. చేతులు దులుపుకోలేదు.

"ఇయ్యాల పాస్" అన్నాడు.

మిగతా మాట కోసం నేను చూశాను. ప్రభాకర్ కూడా చూశాడు.

ఓదెలు కాక తువ్వాల తీసి, రెండు కొసలూ సరిచేసి, మళ్లీ భుజాన వేసుకున్నాడు. "షిఫ్టుకు టైమైతంది" అని బాయి వైపు నడిచాడు.